సొంత గోడ

ఎవ్దోకియా సుత్తి ఎత్తేసరికి భర్త వచ్చి చెయ్యి పట్టుకుని దాన్ని తీసేసుకున్నాడు.

"మేకు కొట్టకు. గోడ పాడైపోతుంది."

"ఇది ఎంబసీ వాళ్ళ గోడ కాదు, రాయబారిగారూ. మాస్కోలో మన సొంత ఇల్లు. నలభై ఏళ్ళు మా అమ్మ ఫోటో పెట్టెలోనే పడి ఉంది."

"ఓస్లోలో కిటికీలో పెట్టావుగా. మంచు పడ్డ రోజు దానికి శాలువా కూడా కప్పావు."

"అబ్బో, గుర్తుందే! నీకు ఒప్పందాలు తప్ప ఏవీ గుర్తుండవనుకున్నాను."

"అల్జీర్స్ బాల్కనీలో నువ్వు పెంచిన దోసపాదు కూడా గుర్తుంది. విందుకొచ్చిన మంత్రిగారు కాయ కోసుకుని తినేశారు."

ఇద్దరూ నవ్వారు. అతను సుత్తి మాత్రం ఇవ్వలేదు. ఆమెకు అనుమానం వచ్చింది.

"మళ్ళీ ఎక్కడికి?"

"పొద్దున మంత్రిత్వ శాఖ వాళ్ళు ఫోన్ చేశారు. హెల్సింకీ, రెండేళ్ళు. మన మొదటి పోస్టింగు ఊరు."

"ఏమన్నావు?"

"నిన్నడిగి చెప్తానన్నాను."

"ఇన్నేళ్ళలో నన్నడగడం ఇదే మొదటిసారి."

మధ్యాహ్నం కూతురు తయీసియా వచ్చింది. ఎవ్దోకియా అందరికీ బీట్‌రూట్ సూప్ వడ్డించి కూర్చుంది.

"మీ నాన్న హెల్సింకీ వెళ్తున్నారు. నేను వెళ్ళడం లేదు."

అతను చెంచా కింద పెట్టి భార్యను ముద్దుపేరుతో పిలిచాడు. "దున్యా, నువ్వు లేకుండా నేనెప్పుడూ..."

"తెలుసు. ఈసారి సెలవులకు రావడానికి నీకొక ఇల్లుంటుంది. సూప్ చల్లారిపోతోంది, తిను."