రిష్తాన్‌లో కూలని రాయి

"టీ కాస్తే పొయ్యి సత్వల్దీ, గిన్నె నిండా పోశావంటే ఇక లేచి వెళ్లమన్నట్టు. నేనింకా లేచే మనిషిని కాను. నీ చాయ్‌ఖానా ముందు గోడకి రాయి ఎవరు అంటించాలో ఈ పూటే తేలుస్తానన్నావుగా? తేల్చే ముందు నా మాట విను. ఫెర్గానా పట్నం నుంచి కంపెనీ వాళ్లెవరో రంగుల పుస్తకం పట్టుకొచ్చారట. గోడకంతా ఇనుప వల కొడతారట, దాని మీద సిమెంటు పూస్తారట, ఆ పూత మీద గీతలు గీకుతారట, అది ఆరేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటారట, అప్పుడు గానీ రాయి ముట్టుకోరట! నాకు అరవై ఎనిమిదేళ్లు. పన్నెండో ఏట మా నాన్న పోయిన మర్నాడే మట్టి తొక్కాను. చలికి వేళ్లు పగిలి నెత్తురు కారుతుంటే ఆ వేళ్లతోనే గోడలు పూశాను. నాకు వల ఎందుకయ్యా? నా చెయ్యే వల!"

ఉస్తా అని, అంటే మేస్త్రీ అని, అందరూ పిలిచే తాపీపనివాడు తోఖ్తాసిన్ అరచెయ్యి చాచి చూపించాడు. చాయ్‌ఖానా యజమాని సత్వల్ది గిన్నె అడుగున కాస్త టీ పోసి పక్కన కూర్చున్నాడు. ఎదురుగా, ఆ ముందు గోడకి ఆనుకుని, మంగలి ఖోల్మత్ రొట్టె తుంచుకుంటున్నాడు. పలావు దిగడానికి ఇంకా టైముంది.

"పోయిన వారం నమూనాకని మూడు రాళ్లు అంటించి వెళ్లాను. నీ నెత్తి మీదే ఉన్నాయి చూడు, ఖోల్మత్. కదిలాయా?"

"ఇంకా లేదు," అన్నాడు ఖోల్మత్, కాస్త పక్కకి జరిగి.

"కదలవు. రిష్తాన్ ఊళ్లో ఓ కుమ్మరి ఇంటికి ఇలాగే అంటించాను. కొండరాయి కాదు, సిమెంటూ రంగూ కలిపి నా పెరట్లో రబ్బరు అచ్చుల్లో నేను పోసిన రాయి. ముందు గోడ మొత్తం, పొద్దున మొదలెడితే సాయంత్రం టీకి అయిపోయింది."

"ఒక్క రోజులోనా?"

"పగలు చిన్నది కూడాను, చలికాలం! ఆ తర్వాత ఏమైందో తెలుసా? తాష్కెంట్ నుంచి కొండల చదువు చదివిన పెద్దమనిషి ఒకాయన అటుగా పోతూ ఆగాడు. భూతద్దం తీశాడు. సుత్తితో తట్టాడు, వాసన చూశాడు, ఆఖరికి నాలుకతో కూడా చూశాడు. ఇది నాలుగు కోట్ల ఏళ్ల నాటి రాయి అని కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. నేను దాన్ని మంగళవారం పోశాను!"

"మరి చెప్పలేదా ఆయనకి?"

"ఎలా చెప్తాను? పాపం, అంత చదువుకున్నాడు. అదలా ఉంచు, అలాయ్ కొండల్లోంచి అడవి మేకలు దిగొచ్చాయి. తమ కొండే అనుకుని గోడెక్కాయి. ఒకటి చూరు దగ్గరే ఈనింది. కుమ్మరి పెళ్లాం మేడ కిటికీలోంచి చెయ్యి చాపి పాలు పితుక్కునేది!"

"పెరుగు తోడుకునేదా?" అడిగాడు సత్వల్ది.

"గడ్డలా! ఇక అసలు సంగతి విను. వసంతంలో వానలు పట్టుకున్నాయి, ఆ వానల్లో భూకంపం. వెనక గోడ పోయింది. పక్క గోడలు పోయాయి, కప్పు పోయింది, రొట్టెల పొయ్యి పోయింది. ముందు గోడ కూడా పోయిందయ్యా! మట్టి ఇటుక మొత్తం కరిగి జారిపోయింది. రాయి మాత్రం నిలబడింది! వెనక ఏమీ లేదు. ఒక్క పొర, అంగుళం మందం, గాల్లో. వెనక్కి వెళ్లి చూస్తే సిమెంటు మీద నా వేలిముద్రలు, పదీ లెక్కపెట్టుకోవచ్చు!"

"మరి ఆ ఇంట్లోవాళ్లు?"

"నలభై రోజులు దాని వెనకే కాపురం చేశారు. రాళ్ల మధ్య తలుపు ఉందిగా, వచ్చినవాళ్లు తలుపు తట్టేవాళ్లు, కుమ్మరి 'ఎవరూ?' అని అడిగి తీసేవాడు."

"పక్క నుంచి తిరిగి రావచ్చుగా?"

"మర్యాద ఉండొద్దటయ్యా? ఆ తర్వాత ఏం చేశారో తెలుసా? నా రాయి అలాగే ఉంచి, దాని వెనక కొత్త ఇల్లు కట్టుకున్నారు! లోకంలో ఎవడైనా గోడకి రాయి అంటిస్తాడు. రాయికి గోడ అంటించినవాడు ఉన్నాడా? అదీ తోఖ్తాసిన్ చెయ్యంటే!"

అంటూ ముందుకి వంగి, చెయ్యి ఎత్తి ఖోల్మత్ వెనక గోడని ఒక్క చరుపు చరిచాడు.

దబ్బుమని మూడు రాళ్లూ ఒక్కసారే రొట్టెలు పెట్టుకున్న గుడ్డ మీద పడ్డాయి. టీ గిన్నెల్లో దుమ్ము తేలింది. గోడలో పెద్ద పళ్లెమంత గొయ్యి పడి, లోపలి పచ్చి ఇటుకలు కనిపిస్తున్నాయి.

ఖోల్మత్ ఒక రాయి తిరగేశాడు. రాయిని సిమెంటు వదల్లేదు. ఆ సిమెంటుకి గోడ మట్టిపూత గడ్డిపరకలతో సహా అతుక్కుని వచ్చేసింది.

"చూశారా!" తోఖ్తాసిన్ గొంతు ఇంకా పెద్దదైంది. "రాయి నా సిమెంటుని వదిలిందా? లేదు! గోడే దాన్ని వదల్లేక వెంటబడి వచ్చింది!"

"ఉస్తా," అన్నాడు సత్వల్ది. "అది వట్టి మట్టిపూత. మీకు తెలుసుగా. వల కొట్టకుండా దాని మీద ఎలా అంటించారు?"

ఖోల్మత్ రాయిని చేత్తో తూచి చూసి నెమ్మదిగా కింద పెట్టాడు.

"మూడు రాళ్లకే ఇంత గోడ ఊడొచ్చింది. రిష్తాన్‌లో గోడంతా నీ రాళ్లే కదా. నిజం చెప్పు ఉస్తా, ఆ రోజు కదిలింది భూమేనా?"

తోఖ్తాసిన్ లేచి గొయ్యిలో వేలు పెట్టాడు. మట్టి పొడిపొడిగా రాలింది. వేలు దులుపుకున్నాడు.

"భూమి కూడా... కొంచెం కదిలింది," అన్నాడు.

ఖోల్మత్‌కి నవ్వు ఆగలేదు. సత్వల్ది కెటిల్ అందుకున్నాడు. గిన్నెలోకి పడే టీ మీదే ఉన్నాయి తోఖ్తాసిన్ కళ్లు. పావు గిన్నె అయింది. కెటిల్ ఇంకా వంగే ఉంది. సగానికి కాస్త ముందు ఆగింది.

"రాయి మంచిదే ఉస్తా, చెయ్యీ మంచిదే," అన్నాడు సత్వల్ది. "రేపు ఈ మట్టిపూత మొత్తం గీకి ఇనుప వల కొట్టండి. ప్రతి మేకూ నేను లాగి చూస్తాను. ఆ తర్వాతే రాయి."

తోఖ్తాసిన్ దుమ్ము తేలుతున్న టీ ఒక్క గుక్కలో తాగేసి మూతి తుడుచుకున్నాడు.

"వల ఎంత తెమ్మంటావు?"

"గోడ మొత్తానికీ తీసుకురా," అన్నాడు ఖోల్మత్. "నీ చెయ్యి దీనికి చాలదు."