పదహారు గంటల కాఫీ

వంటింటి గట్టు దగ్గర కోడలు గాజుసీసాలోని చల్లటి కాఫీని పల్చటి గుడ్డలోంచి వడకడుతోంది. ముప్ఫై ఏళ్ళు కాఫీపొడి కొట్లో గింజలు వేయించి పొడి పట్టిన అత్తగారు స్టూలు మీద కూర్చుని చూస్తోంది.

"అది కాఫీ కాదమ్మాయ్. పప్పు నానబోసినట్టు పొడి నానబోశావు."

"పదహారు గంటలు నానింది అత్తయ్యా. ఓపికున్నవాళ్ళకే ఇది."

"పదహారు గంటలా! ఈలోపు ఊరెళ్ళి తిరిగి రావచ్చు."

"మీరు పొద్దున్నించీ మూడుసార్లు ఫ్రిజ్ తలుపు తీశారు. ఇంక ఊరేం వెళ్తారు?"

"పెరుగు కోసం తీశాను."

"మూడుసార్లూ పెరుగేనా?"

"గుడ్డ పిండకు. పిండితే చేదు దిగుతుంది. దానంతటదే కారనీ."

"కాఫీ కాదంటూనే పాఠం చెప్తున్నారు చూశారా?"

"ముప్ఫై ఏళ్ళ నోరు, ఊరుకోమంటే ఊరుకుంటుందా? పొడి ఎవరు పట్టారు?"

"నేనే. మిక్సీలో. బరకగానే పట్టాను."

"సగం బరక, సగం మెత్తన. అడుగున ఆ బురద చూడు."

"సరే గురువుగారూ. ఇదిగో, వాసన చూసి చెప్పండి, సరిగ్గా దిగిందా?"

"రంగు చూస్తే తెలియదూ? దిగింది."

"వాసన చూడమన్నాను."

"చల్లటిదానికి వాసనేం ఉంటుంది? ఐసు వెయ్యి."

"కొట్టాయన మళ్ళీ ఫోన్ చేశారు. కొత్త గింజలొచ్చాయట. మీరొచ్చి వాసన చూసి, ఏది ఎంత కలపాలో చెప్తే గానీ వేయించరట."

"మోకాళ్ళ నొప్పులని చెప్పు."

"పోయినవారం మెడనొప్పన్నారు. ఈవారం మోకాళ్ళకి దిగింది. వచ్చేవారానికి చెప్పుల్లోకి వస్తుంది."

"ఈ వెటకారం పుట్టింట్లో నేర్చుకున్నావా?"

"లేదు, ఇక్కడికొచ్చాకే. దానికీ గురువు మీరే."

"చాల్లే. గ్లాసు ఇటివ్వు."

"అత్తయ్యా, ఆ రోజు పాలు మాడాయి, గుర్తుందా?"

"చూసుకోలేదు."

"పొయ్యి పక్కనే కూర్చుని కూరలు తరుగుతున్నారు."

"ఏదో ఆలోచనలో ఉన్నాను."

"ఏం ఆలోచన?"

"ముసలిదాని ఆలోచనలు నీకెందుకు? గ్లాసివ్వు."

"ఇదిగో. ఎలా ఉంది?"

"చల్లగా ఉంది."

"అంతేనా?"

"ఉండు, తాగనీ... నాలుక మీద కాస్త తీపి. వెనకాల సన్నగా చేదు. పర్లేదు. బాగుంది. నిజంగానే బాగుంది."

"హమ్మయ్య."

"అమ్మాయ్."

"ఊఁ."

"నాకు వాసన తెలియట్లేదే."

"ఎప్పట్నించి అత్తయ్యా?"

"ఆమధ్య జ్వరం వచ్చి తగ్గిన దగ్గర్నించీ. సబ్బు లేదు, వాన లేదు, ఏదీ లేదు. గింజలు గుప్పెట్లో పట్టుకుంటే గులకరాళ్ళలా ఉన్నాయి. అబ్బాయికి చెప్పకు."

"చెప్పను."

"కొట్టాయనకి కూడా. ముక్కు పనిచెయ్యనిదాన్ని పిలిచి ఏం చేసుకుంటాడు?"

"ముందు డాక్టరుకి చూపిద్దాం. ఆ తర్వాత కొట్టుకి ఇద్దరం వెళ్దాం. వాసన నేను చూసి, ఎలా ఉందో మీ చెవిలో చెప్తాను. పాళ్ళు మీరు చెప్పండి."

"నీ ముక్కుని నమ్ముకుంటే కొట్టు మూసేసుకోవాలి."

"మీ నోరు తోడుంటుందిగా. దానికి ఏ జ్వరమూ రాలేదు."

"నవ్వించకు, పొలమారుతుంది... ఇంత చెప్పినా నువ్వు ఆశ్చర్యపోలేదేం?"

"పాలు మాడిన రోజే తెలిసింది."

"రెండు నెలలైంది! మరి అడగలేదే?"

"మీరే చెప్తారని ఆగాను."

"అది సరే, అసలు ఈ చల్లకాఫీ పిచ్చి నీకెవరు అంటించారు? రెండు నెలలుగా ఈ ఇంట్లో వేడి కాఫీ లేదు. మావాడు రోజూ సణుగుతూనే ఉన్నాడు."

"వేడి కాఫీ పెడితే ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది అత్తయ్యా. మీ అబ్బాయి గుమ్మంలోంచే 'ఆహా' అంటారు. ఆ మాట వినగానే మీరు లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవారు. ఇదైతే ఎవరికీ వాసన రాదు. మీరు ఇక్కడే కూర్చుని మాతోపాటు తాగుతున్నారు."