సెంగు సర్దుకున్న సెయ్యి

“అమ్మమ్మా, భవాని నీతో తెలుగు మాటాడ్డం మానేసిందేటి?”

అడిగేసినావా. బంటింగ్ నుంచి నువ్వొచ్చి రెండు పూటలు కానేదు, అప్పుడే నీ కంట్లో పడిపోనాది. ఆ ఫోను అలగే ఉంచు, రికార్డు అవనీ. మీ అమ్మకీ వినిపించు. కడుపున పుట్టిన కూతురి దగ్గర దాసేదేటుంది.

ఆదివారం, తల్లీ. పొద్దున్న పదకొండుంపావు. అంత ఇదిగా ఎలాగ సెప్తున్నానంటే, ఇక్కడ మన హుటాన్ మెలింటాంగ్ ఊరి రామాలయం ఎనక హాలుంది గదా, ఆ గోడ గడియారం నా ఎదురుగానే ఉన్నాది. మనుషుల మొకాలు సూడలేక దాన్నే సూసినాను.

తెలుగు బడి గురించి సంగం మీటింగు. బడంటే పెద్ద బడి కాదు, ఆదివారం ఒక్కపూట, ఆ హాల్లోనే పాతికమంది పిల్లలు. రెండేళ్ళకోపాలి దానికి కమిటీని ఎన్నుకుంటారు. ఇరవయ్యొకటి నిండినోల్లకే ఓటు. ఈపాలి నిలబడ్డ పెద్దమనిషి ముందే సెప్పేసినాడు, నేను గెలిస్తే తెలుగు ఆపేసి హాలు ట్యూషనోల్లకి ఇచ్చేస్తానని. “ఎవలికి కావాలి లా ఈ తెలుగు? ఉజ్జోగమిస్తాదా?” అన్నాడు, ఆ మలయ్ ‘లా’ తగిలించి. తలూపినోల్లు శానామందే.

భవానికి పదహారు నిండినాయి. మూడు నెల్లు ఆల్ల నాన్న, అదే మీ మావయ్య, మోటారుసైకిలెక్కి ఇల్లిల్లూ తిరిగినాది. “ఈ మలయ్ దేశానికే పద్దెనిమిదేళ్ళకి ఓటిచ్చినారు, మేం కూకునే బడికి పదహారుకి ఇవ్వలేరా?” అని. ఆ ఈడు దాటిన పిల్లలు పదకొండుమంది. ఆల్లకి ఓటొస్తే బడి నిలబడతాది. ఒకాయన ఎటకారమాడినాడు, “నీకు ముక్కు కారడం ఆగిందేటే గుంటా?” అని. “ఆగిపోనాది తాతా, మీకే మళ్ళీ మొదలైనట్టుంది” అన్నాది. ఆయనే నవ్వేసి, సెయ్యెత్తుతానని మాటిచ్చినాడు. అలాటి పిల్ల.

పదహారంటే సిన్న ఈడేటి, నువ్వే సెప్పు. నేను పదమూడుకే కొబ్బరితోటలో, సిప్పల్లోంచి కొబ్బరి తవ్వి ఎండబోసేదాన్ని. వేళ్ళన్నీ కోసుకుపోయేవి. అప్పుడు కాఫీ పది సెంట్లు... కాదు, పదిహేను. పది మా నాన్న కాలంలో. పదహారుకి మెళ్ళో పుస్తె పడిపోనాది. కాపరానికి పనికొచ్చిన ఈడు సెయ్యెత్తడానికి పనికిరాదా? ఇదంతా నాకు తెలుసు. తెలిసుండే సేసినాను సూడు, అదీ నా పాపం. ఆ తోటలో నాకు అచ్చరాలు అబ్బనేదు. అందుకే రోజూ పొద్దున్న, బడి బస్సు రాకముందు, దీపం ముందర భవానే రాములోరి పుస్తకం సదివేది. నేను వినేదాన్ని. నా పూజంతా అదే.

ఏటి సెప్తున్నాను... ఆఁ, రూలు. రూలు మార్సాలంటే ముందు పెద్దోల్లు సెయ్యెత్తాలి. ఆరోజు ఒచ్చినోల్లు ముప్పయ్యారుమంది. పందొమ్మిది సేతులు లేవాలి. పిల్లలు గుమ్మం బయట నిలబడ్డారు. భవాని ముందురోజు నా తల దువ్వుతా అడిగినాది, “నానమ్మా, నువ్వెత్తుతావు గదా?” “ఎత్తకేటే” అన్నాను.

కుర్సీలో కూకున్నాక సూద్దును గదా, ముందు వరసలో నాకెదురుగా బావగారు. మీ తాత అన్నగారు, తెలుసు గదా. ఆయన ఆ పెద్దమనిషి పక్షం. ఆయన ముందర నేను అరవయ్యేళ్ళలో ఒక్కమాట మాటాడనేదు. తోటలో కూలోల్ల లైను ఇంట్లో ఉన్నప్పుడు టీ గళాసు గుమ్మంలో పెట్టి తలుపు తట్టి ఎనక్కి ఎల్లిపోయేదాన్ని. కుర్సీ మీద కూకోవడమే తప్పు, ఎనక వరస గదా అని కూకున్నాను. ఇప్పుడు మీకు నవ్వొస్తాది. మాకది ఊపిరి లాటిది.

“రూలు మార్సాలన్నోల్లు సెయ్యెత్తండి” అన్నారు. నా సెయ్యి లేసినాది, తల్లీ. రాములోరి మీద ఒట్టు, అబద్ధం సెప్పను. భుజం దాటినాది. అప్పుడే బావగారు దగ్గి, తల ఇటు తిప్పినారు. అంతే. ఆ సెయ్యే సెంగు పట్టుకోని నెత్తిమీదకి లాక్కున్నాది. నేనేటి సేస్తున్నానో నాకు తెలీకుండానే.

లెక్కెట్టే అబ్బాయి పద్దెనిమిది దగ్గర ఆగిపోయినాడు. “ఆంటీ, అది ఓటా, కాదా? సెప్పండి లా” అన్నాడు. హాలంతా నవ్వు. గుమ్మం దగ్గర భవాని నవ్వనేదు. నాకేసే సూస్తన్నాది. ఒక్కమాట అంటే సరిపోయేది. ఔనంటే సరిపోయేది.

“సెంగు సర్దుకున్నాను బాబూ” అన్నాను.

గడియారం పదకొండుంపావు.

ఇంకో గంటకి కమిటీ ఎన్నికైపోయినాది. తెలుగు ఆపేసినారు. బల్లలు ట్యూషనోల్లకి. నేను రాములోరి ముందు నిలబడితే దండం పెట్టడానికి సేతులు రానేదు. ఏ మొకంతో పెట్టను?

అన్నిటికన్నా పెద్దది ఇది విను. మెట్లు దిగుతుంటే బావగారు మీ మావయ్య భుజం పట్టుకోని అడిగినారు, “మీ అమ్మ కూడా ఒచ్చినాదేట్రా? కళ్ళు ఆనడం నేదు, ఎనక ఎవలు కూకున్నారో నాకేటి తెలుస్తాది” అని.

ఆయనకి నేను కనపడనే నేదు, తల్లీ.

మీ అత్త అంటాది, “అత్తా, పదకొండుమందీ మన ఇంట్లోనే సదువుకోవచ్చు గదా” అని. తమిళమ్మాయైనా దానికున్న ఆశ నాకు నేదు. ఎవలొస్తారు? బడి పంతులమ్మ ఈపో ఊళ్ళో ఉన్న వాళ్ళమ్మాయి దగ్గరికి ఎల్లిపోయినాది. పిల్లలు ఆదివారం కూడా ట్యూషనుకే. అయిపోనాదమ్మా. మా తాతలు ఓడలో తెచ్చుకున్నది, నా ఒళ్ళోంచి జారిపోనాది.

నువ్వు సల్లగుండు. నీ సెయ్యి ఎత్తాల్సినప్పుడు నాలాటి ముసిల్దాన్ని తలుచుకోని ఎత్తు. అంతకన్నా దీవించడం నాకు రాదు.

మర్నాడా? సోమవారం పొద్దున్న ఎప్పట్లాగే దీపం ఎలిగించినాను. పుస్తకం తెరిసి పెట్టినాను. భవాని బూట్లేసుకోని, “నెనెక్, బస్సొచ్చేసింది” అని మలయ్‌లో సెప్పి ఎల్లిపోయినాది. నెనెక్ అట. నానమ్మ కాదు. మీ మావయ్య పుస్తకం కేసి సూసినాడు, ఆడికి తెలుగు సదవడం రాదు. మీ అత్తకి తమిళమే ఒచ్చు. నాకు ఏదీ రాదు. ముగ్గురం అలగే నిలబడ్డాం. దీపం కాస్త తగ్గినాది, మీ అత్త నూనె పోసినాది. ఆఖరికి మీ మావయ్య ఫోను తీసి, ఎవలో పాడిన స్తోత్రం పెట్టి, దేవుడి ముందర నిలబెట్టినాడు. మధ్యలో ఏదో సబ్బు ప్రకటన ఒచ్చినాది. సేతులు జోడించుకోని అదీ విన్నాం...