తాపీమేస్త్రికి పురుడు

ఆరోగ్య కార్డుల కేంద్రంలో సర్వర్ పడుకుందంటే ఎదురుగా ఉన్న టీకొట్టుకి పండగే. ఆ శనివారం మధ్యాహ్నం అది పడుకుని గంటన్నరైంది. కిటికీ ముందు నిలబడి నిలబడి కాళ్లు లాగేసిన జనమంతా రోడ్డు దాటి వచ్చి బెంచీల మీద ఇరుక్కుని కూర్చున్నారు. అందరూ సర్వర్ ఎప్పుడు లేస్తుందా అని ఎదురుచూస్తుంటే, వాళ్ల మధ్య కూర్చున్న దర్జీ అక్క మాత్రం ఒక సంతకం కోసం ఎదురుచూస్తోంది.

ఆవిడ భర్త తాపీమేస్త్రి, యాభై ఎనిమిదేళ్ల మనిషి. బరువులెత్తీ ఎత్తీ హెర్నియా వచ్చింది, నెలరోజులుగా పడుకోలేక గోడకి జారబడి కునుకు తీస్తున్నాడు. సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి ఆపరేషన్. కొత్త పథకం వచ్చి పాత కార్డులు రద్దుచేసింది, కొత్త కార్డు ఇచ్చింది. ఆ కొత్త కార్డులో ఆయన పేరు సరిగ్గానే ఉంది, మీసాలతో సహా ఫోటో కూడా సరిగ్గానే ఉంది, 'చికిత్స' అన్న చోట మాత్రం 'ప్రసవం' అని ఉంది.

అదేమిటయ్యా అని అడిగితే కిటికీలో గుమాస్తా, "ఏ జబ్బు నొక్కినా సైటు బిగుసుకుపోతోందమ్మా, ఆ ఒక్కటే ముందుకెళ్తోంది, అదే నొక్కమని పైనుంచి ఫోనొచ్చింది" అన్నాడు. ఆస్పత్రివాళ్లేమో ఈ కార్డు మీద పురుళ్ల వార్డులో అయితే మంచం ఇస్తాం, ఆపరేషన్ కావాలంటే దిద్దించుకు రమ్మన్నారు. దిద్దే ఫారంలో ఏడో గడి ఉంది: 'తప్పు వివరం నమోదు చేయమని చెప్పిన వ్యక్తి సంతకం.' ఆ మహానుభావుడి కోసం దర్జీ అక్క మూడు వారాలుగా తిరుగుతోంది. గుమాస్తా పై అంతస్తుకి పంపాడు, పై అంతస్తువాళ్లు ఇంకా పైకి పంపారు, ఇంకా పైన నీళ్ల ట్యాంకు తప్ప ఎవరూ లేరు. ఇవాళ ఐదింటికి కిటికీ మూసేస్తే మళ్లీ తెరిచేది సోమవారం పదింటికే. ఆవిడ ముందు పెట్టిన టీ తొరక కట్టింది.

సరిగ్గా అప్పుడే లిఫ్టు బాబాయ్ గొంతు సవరించుకున్నాడు.

లిఫ్టు బాబాయ్ అంటే మంత్రుల భవనంలో ముప్ఫయ్యేళ్లు లిఫ్టు నడిపి రిటైరైన పెద్దమనిషి. మనిషి బక్కపలచన, మాట మాత్రం బాగా బలిసింది. నలుగురు కూర్చుని ఉంటే ఆయన నోరు ఊరుకోదు.

"ఈ పథకం మొదలుపెట్టే ముందురోజు మంత్రిగారికి మంచినీళ్లిచ్చింది ఎవరనుకున్నారు? నేనే," అన్నాడు గ్లాసు కింద పెడుతూ.

"మంచినీళ్లే కదా, మేమూ ఇస్తాం," అంది టీకొట్టు పిన్ని.

"నీళ్లు ఇవ్వడం గొప్పని నేనన్నానా? విను ముందు. ఆయన లిఫ్టెక్కాడు, గ్లాసు పట్టుకున్నాడు, చెయ్యి గడగడ వణుకుతోంది, నీళ్లన్నీ చొక్కా మీదే. ఏంటి సార్ అన్నా. 'ఏం చెప్పనయ్యా, ఆరునెలల్లో ఎన్నికలు, రేపు సైటు తెరవాలి, అది తెరుచుకోకపోతే నా పని మూసుకున్నట్టే' అన్నాడు. వెంటనే నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య లిఫ్టు ఆపేశా. పాడైందనుకునేరు, నేనే ఆపా! మనిషి మనసు విప్పాలంటే రెండు అంతస్తుల మధ్య ఆపాలి, కిందా నేల ఉండకూడదు, పైనా దారి ఉండకూడదు. అక్కడే మాట్లాడుకున్నాం. అరగంట అనుకున్నది మూడు గంటలైంది. మంత్రివర్గ సమావేశానికి ఈయనేడీ అని మిగతా మంత్రులు వెతుక్కుంటూ వచ్చారు. సరే, అందర్నీ ఎక్కించుకున్నా. ఎనిమిదిమంది పట్టే లిఫ్టులో ముప్ఫై ఇద్దరు మంత్రులు! ఆరోగ్యంవారు ఆర్థికంవారి మెడమీద కూర్చున్నారు..."

"అది ఎప్పుడూ ఉండేదే," అన్నారు లెక్కల మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటూ.

"...రోడ్లవారికి నిలబడ్డానికి దారిలేదు, నీటిపారుదలవారికి ఒకటే చెమటలు. లిఫ్టు పైకప్పు మీద ఏదో చప్పుడైంది. చూద్దును కదా, ప్రతిపక్ష నాయకుడు బోర్లా పడుకుని చెవి ఆనించి వింటున్నాడు! పాపం పెద్దాయన, పడిపోతాడని లోపలికి లాగా."

"లాగితే పట్టారా?" అన్నాడు లారీ డ్రైవరు.

"పట్టరా మరి? ఊపిరి పీల్చుకునేవాళ్లు ఓ వరస, వదిలేవాళ్లు ఓ వరసగా పెట్టా. ఇంతకీ నేను వాళ్లకి చెప్పింది ఒక్కటే మాట. అయ్యా, దేశమంతా ఒక్కసారి ఒక్క మీట నొక్కితే లిఫ్టే రాదు, సైటెలా వస్తుంది? విన్నారా? వినలేదు. మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి దేశమంతా నొక్కింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పడిపోయింది. తెలుసు. మేమంతా అక్కడే నిలబడ్డాం," అంది దర్జీ అక్క.

"పడిపోవడం మీకు కనపడింది తల్లీ, ఎందుకు పడిందో నాకు కనపడింది. జ్వరం! సర్వర్‌కి జ్వరం. చేయి పెడితే కాలిపోతోంది. థర్మామీటరు పెడితే పాదరసం ఎగిరి పక్కగదిలో పడింది. మంత్రిగారు నెత్తీ నోరూ బాదుకుంటున్నారు. పెద్ద డాక్టర్లొచ్చి తక్షణం ఆస్పత్రిలో చేర్చాలన్నారు. బీరువా అంత సర్వర్‌ని భుజాన వేసుకుని పదకొండో అంతస్తు నుంచి మెట్ల మీద దిగా..."

"లిఫ్టు ఉందిగా?" అంది పిన్ని.

"లిఫ్టులో మంత్రులున్నారు కదమ్మా, ఇంకా సమావేశం అవుతోంది! దిగి, ఆస్పత్రికి పరిగెత్తా. అక్కడ కౌంటర్లో అమ్మాయి, 'పేషెంటుకి కార్డుందా' అంది. కార్డు ఇవ్వాల్సింది ఈ పేషెంటే అన్నా. 'అయితే ఇచ్చుకుని రమ్మనండి' అంది. ఇచ్చుకోవాలంటే జ్వరం తగ్గాలి, జ్వరం తగ్గాలంటే చేర్చుకోవాలి, చేర్చుకోవాలంటే కార్డు కావాలి. మీరైతే ఏం చేస్తారు? నేను అక్కడే వరండాలో పడుకోబెట్టి, తడిగుడ్డ వేసి, విసనకర్రతో మూడు రోజులు విసిరా. ఆ గాలికి ఎదురు వార్డులో నలుగురికి జలుబు చేసింది. మూడోరోజు సర్వర్ కళ్లు తెరిచింది."

"సర్వర్‌కి కళ్లా?" అన్నారు మాస్టారు.

"ఆకుపచ్చవి, రెండు. తెరిచి నా చెయ్యి పట్టుకుని..."

"చెయ్యా!"

"వైరండీ మాస్టారూ, వైరు! పట్టుకుని అంది కదా, 'బాబాయ్, నాకూ కార్డు కావాలని దరఖాస్తు పెట్టుకున్నాను. ఇదివరకు జబ్బులున్నాయా అని నేనే అడిగాను, ఉన్నాయని నిజం చెప్పాను, నన్ను నేనే తిరస్కరించాను' అని బావురుమంది. నాకూ కళ్లనీళ్లు ఆగలేదు. ఊరుకో తల్లీ, నీకు ఏ జబ్బు రాస్తే తేలిగ్గా ఉంటుందో చెప్పు అన్నా. అది చాలాసేపు ఆలోచించి, 'ప్రసవం' అంది. అదేం అన్నా. 'మిగతావన్నీ ఎందుకొచ్చాయని అడగాలి బాబాయ్, దానికి ఆ ప్రశ్న అక్కర్లేదు' అంది."

బెంచీలన్నీ ఒక్కసారి గొల్లుమన్నాయి. దర్జీ అక్క నవ్వలేదు. చేతిసంచిని ఒళ్లోకి లాక్కుంది.

"అంతే! అక్కణ్నుంచే ఫోన్ కొట్టా. మంత్రిగారూ, అందరికీ ప్రసవం రాయించండి, మిగతాది నేను చూసుకుంటా అన్నా. సాయంత్రానికి పదకొండు లక్షల కార్డులు! ముసలాళ్లకి, ముతకాళ్లకి, బ్రహ్మచారులకి! సభలో ప్రతిపక్షం లేచి, 'ఒక్కరోజులో పదకొండు లక్షల పురుళ్లా, పోసిన మంత్రసాని ఎవరు' అని నిలదీసింది. మంత్రిగారు తడుముకోకుండా గ్యాలరీలో కూర్చున్న నన్ను చూపించారు. సభంతా లేచి నిలబడింది! అవతలి దేశాలనుంచి పెద్దపెద్దవాళ్లు విమానాలేసుకుని వచ్చారు, మా దేశంలోనూ మగవాళ్లకి కాన్పు రాయించి పెట్టండి బాబూ అని. నేను రానన్నా. నా జనం ఇక్కడ ఇబ్బందిపడుతుంటే ఎక్కడికెళ్తాను?"

"లేచిందీ!" అని ఎవరో కిటికీ దగ్గర్నుంచి కేక పెట్టారు. సర్వర్ లేచింది. గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది. జనం గబగబా లేవబోయారు. దర్జీ అక్క లేచింది కానీ, రోడ్డువైపు వెళ్లలేదు. తిన్నగా వచ్చి లిఫ్టు బాబాయ్ ఎదురుగా నిలబడింది.

"బాబాయ్, ప్రసవం రాయమని చెప్పింది మీరేనా?"

"నేను కాక ఇంకెవరు తల్లీ?"

"ఇంతమందిలో చెప్తున్నారు. మాట మారుస్తారా?"

"నా మాటా! ముప్ఫయ్యేళ్లలో మీట మారిందేమో కానీ మాట మారలేదు."

ఆవిడ సంచిలోంచి ఫారం తీసి ఆయన గ్లాసు పక్కన పెట్టింది. మీద కలం పెట్టింది.

"ఏడో గడి. సంతకం పెట్టండి."

బాబాయ్ ఫారం చూశాడు. కలం చూశాడు. కలాన్ని వేలితో అవతలికి నెట్టాడు. లేవబోతున్నవాళ్లు మళ్లీ కూర్చున్నారు. "నాకు కిడ్నీలో రాళ్లు. దానికీ ప్రసవమే రాశారు. అది నువ్వేనన్నమాట," అన్నాడు లారీ డ్రైవరు నెమ్మదిగా. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని బాబాయ్‌ని పరీక్షగా చూస్తూ, "నాది కంటిలో శుక్లం," అన్నారు.

"అయ్యయ్యో, ఉండండి ఉండండి," అన్నాడు బాబాయ్ రెండు చేతులూ అడ్డంపెట్టి. "కబుర్లకి చెప్పానమ్మాయ్, ఏదో పొద్దుపోక. నేను మంత్రిగారి మొహం కూడా సరిగ్గా చూడలేదు. ఆయనకి లిఫ్టంటే భయం, ఎప్పుడూ మెట్లెక్కే వెళ్లాడు. సర్వర్ ఎలా ఉంటుందో నాకేం తెలుసు? నేనూ నా మోకాళ్ల కోసం వచ్చినవాణ్నే. ఇదిగో, నా కార్డులోనూ..." జేబులోంచి కార్డు తీసి చూపించాడు. ప్రసవం.

పిన్ని కిసుక్కుమంది. దర్జీ అక్కకి మాత్రం ఆయన మీద జాలి వేసింది, కోపం ఇంకా ఎక్కువ వచ్చింది. ఇంట్లో గోడకి జారబడి కూర్చున్న మనిషి కళ్లముందు మెదిలాడు.

"నిజం చెప్పారు, సంతోషం. ఆ నిజం నేనేం చేసుకోను బాబాయ్? మూడు వారాలు దాని వెనకే తిరిగాను. ఇది నేను చేశాను అని ఒప్పుకున్న మగాడు ఆ అంతస్తుల్లో ఒక్కడూ లేడు. అబద్ధమో కోతో, మొదటిసారి మీ నోట విన్నాను. గడియారం చూడండి. పెట్టండి సంతకం."

"జైల్లో వేస్తారేమోనమ్మా..."

"వేస్తే మంత్రిగారికి ఫోన్ కొట్టండి."

బాబాయ్ కలం పట్టుకుని, తన పేరు రాసి, హోదా అన్నచోట 'లిఫ్టు ఆపరేటర్, రిటైర్డ్' అని రాశాడు. దర్జీ అక్క రోడ్డు దాటింది. గుమాస్తా ఏడో గడి నిండిందో లేదో చూశాడు, ఎవరు నింపారో చూడలేదు. ముద్ర వేశాడు. తెరమీద ప్రసవం పోయి హెర్నియా వచ్చింది. ఆవిడ కిటికీ గట్టుకి చెయ్యి ఆనించి ఒక్క నిమిషం అలాగే నిలబడిపోయింది. మూడు వారాల తర్వాత మొదటిసారి కళ్లు తుడుచుకుంది.

వెనక్కి తిరిగి చూసేసరికి కేంద్రం ముందు వరస లేదు. వరసంతా రోడ్డు అవతల టీకొట్టు దగ్గరికి చేరి, మూలమలుపు దాకా సాగింది. అందరి చేతుల్లోనూ ఫారాలు. ముందు లారీ డ్రైవరు, వెనక మాస్టారు, ఆ వెనక ఇంకో యాభైమంది గర్భవతులైన మగవాళ్లు.

"బాబూ, నేను కాదు, ఒట్టు, నేను కాదు," అంటున్నాడు లిఫ్టు బాబాయ్ సంతకాలు పెడుతూనే. ఆయన మాట ఎవరూ నమ్మడంలేదు.