చుక్కల కోడిని విప్పండి

సభాధ్యక్షులు దశరథరామయ్య గారికి, నందిగామ నుంచి ఎండనపడి వచ్చిన మిత్రులకు, తోటి ఉపాధ్యాయులకు, నా విద్యార్థులకు, ముందు వరుసలో కూర్చుని అప్పుడే కళ్లు తుడుచుకుంటున్న మా అక్క సౌభాగ్యమ్మకు నమస్కారాలు. అక్కా, నేనింకా మొదలే పెట్టలేదే! (నవ్వులు)

హెడ్మాస్టరుగా నా గురించి అందరూ మంచి మాటలే చెప్పారు. వినాల్సిన మనిషి, మా ఆవిడ కృపాజ్యోతి, పోయి ఏడాది దాటింది. ఇంట్లో నాకు తోడు ఆవిడ పెంచిన రెండు ముసలి కోళ్లే, ఎర్రదీ, చుక్కలదీ. అవి గుడ్లు పెట్టడం మానేసినప్పుడు, ఇంకా కోసుకోరేం అని చుట్టుపక్కల వాళ్లంతా అడిగేవారు. "గుడ్డు పెట్టకపోతే తిండి పెట్టమా ఏంటండీ? రేపు నేను మంచాన పడితే నన్నూ ఇలాగే అంటారా?" అనేది ఆవిడ. అన్నట్టే మంచాన పడింది. ఆ రోజుల్లో చుక్కలది మంచం కింద నుంచి కదిలేది కాదు. ఇప్పటికీ సాయంత్రమైతే వంటింటి గడప దగ్గరకొచ్చి లోపలికి చూస్తుంది. నేను నూకలు చల్లి, పక్కనే పీట వేసుకుని కూర్చుంటాను. రేపటి నుంచి బడి కూడా ఉండదు, నాకు మిగిలింది ఆ కాసేపే.

ఇవాళ పొద్దున నేను ఆవిడ సమాధి దగ్గరకు వెళ్లినప్పుడు, వంట గిన్నెల కోసం మన స్టాఫు ఇంటికొచ్చారట. "తమ్ముడి రిటైర్మెంటుకి బ్రాయిలర్ ముక్కలు పెడతారా, పెరట్లో నాటుకోళ్లుండగా!" అని, ఈ సభ కోసం నిన్ననే వచ్చిన మా అక్క రెండిటినీ పట్టిచ్చింది. ప్రేమే, కాదనను. ముదురు కోడి ఉడకడానికి టైం పడుతుందని ఎర్రదాన్ని ముందే పొయ్యెక్కించారు. నేను బడికి వచ్చేసరికి చుక్కలది కాళ్లు కట్టేసి కుళాయి దగ్గర పడి ఉంది.

"దాన్ని మాత్రం వద్దండీ" అన్నాను. "మీరెప్పుడూ ఇంతేనండీ, ఒకటే మొహమాటం!" అని డేవిడ్‌రాజు మాస్టారు నవ్వి, మెడలో దండ వేసి, చెయ్యి పట్టుకుని స్టేజీ ఎక్కించారు. ఆయన్ని ఏమనను? విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా ఇంకో గరిటె వేసేవాళ్లం మనం. వద్దంటే నిజంగా వద్దని ఎవరం నమ్మం.

అందుకే మైకులో చెబుతున్నాను. నాకీ శాలువా వద్దు, జ్ఞాపిక వద్దు. ఆ కోడి కట్లు విప్పి, తెచ్చి నా ఒళ్లో పెట్టండి. మొహమాటం కాదు, బతిమాలుకుంటున్నాను. డేవిడ్‌రాజు గారూ, మీరే కాస్త వెళ్లి...

(విరామం)

ఎందుకండీ తల దించుకున్నారు?

(విరామం)

సరే. కూర్చోండి.

అక్కా, నువ్వు ఏడవకు. కోపం లేదని అబద్ధం చెప్పలేను. రేపటికి తగ్గుతుందేమో చూద్దాం. అయ్యా, భోజనాలు చల్లారిపోతున్నాయి, అందరూ కడుపునిండా తిని వెళ్లండి. నేను ఇంటికి వెళతాను, ఎవరూ వెంట రాకండి. ఇన్నేళ్లూ నన్ను మీవాడిగా చూసుకున్నందుకు కృతజ్ఞతలు. సెలవు.