పేరు రాయని ప్లేటు

సభాధ్యక్షులు ప్రిన్సిపాల్ భూమయ్య గారికి, వేదిక మీది పెద్దలకు, బిర్యానీ వాసన ఇటే వస్తున్నా కుర్చీలు వదలని సహోద్యోగులకు, ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న మా ల్యాబ్ అటెండర్ రాజమల్లయ్య గారికి, ఆయనను రేపటి నుంచి పొద్దంతా భరించబోయే ఆయన శ్రీమతి బాలలక్ష్మి గారికి నమస్కారం. (నవ్వులు)

ఈయన గురించి మన కాలేజీలో అందరూ చెప్పేది కప్ప కథే. ఇందాక మహేందర్ సార్ కూడా అదే చెప్పి నవ్వించారు. పదిహేనేళ్ల కిందట, నేను మైక్రోబయాలజీ లెక్చరర్‌గా కొత్తగా చేరినప్పుడు, ఈయన నంగునూరులోని తన పొలం నుంచి టిఫిన్ డబ్బాలో ఒక కప్పను తెచ్చి, "జీనత్ మేడం, దీని కాలు తెగి వారమైంది. బురదలనే ఉంటది, అయినా చీము వట్టలే. నాకు ముల్లు ఇరిగినా దవాఖానకు వోవాలె. గిదేంది కథ?" అని అడిగారు. కప్ప చర్మంలో పెప్టైడ్లనే చిన్న ప్రోటీన్ ముక్కలు ఊరతాయని, అవి బ్యాక్టీరియాను చంపుతాయని పుస్తకంలో చదివానే తప్ప, కళ్లతో చూద్దామని నాకెన్నడూ తోచలేదు.

దాని ఒంటి మీది తడిని తీసి, బ్యాక్టీరియా పెంచే గాజు ప్లేటులో చుక్క వేసి, కప్పను అదే డబ్బాలో పొలానికి పంపించాం. బస్సు కండక్టర్ దానికి టికెట్ అడగలేదట. (నవ్వులు) మర్నాడు చూస్తే చుక్క చుట్టూ బ్యాక్టీరియా చచ్చి, గుండ్రంగా తేటపడి ఉంది. టీ తాగొచ్చి ఫొటో తీద్దామని వెళ్లాను. వచ్చేసరికి ఈయన ఆ ప్లేటును బ్లీచింగ్ నీళ్లలో తోమి ఎండబెట్టారు. నా అరుపులు గేటు దాకా వినిపించాయి.

ఇంతవరకు మీకు తెలుసు. తెలియంది ఏమిటంటే, ఆ ప్లేటు మీద నేను పేరు రాయలేదు. పేరు లేని ప్లేటు కనిపిస్తే కడిగెయ్యాలని, చేరిన రోజే హుకుం జారీ చేసింది కూడా నేనే. ఇన్నేళ్లూ మీరు ఈయనను చూసి నవ్వుతుంటే, సిగ్గు లేకుండా నేనూ నవ్వాను.

ఎందుకు చెప్పలేదని మొన్న అడిగాను. "మీరు కొత్తగ వచ్చిన్రు మేడం. పోరగాండ్లు మిమ్మల్ని జూసి నవ్వితే క్లాసు ఎట్ల చెప్తరు? నాదేముంది, ప్లేట్లు నవ్వయి గద" అన్నారు.

రాజమల్లయ్య గారూ, నన్ను క్షమించండి. శాలువా ఎవరైనా కప్పుతారు. నేను మీ పొలంలో రెండుసార్లు జారిపడి, ఆ కప్ప మనవరాలినో ఎవరినో పట్టుకుని, మళ్లీ చేసిన ప్లేటు తెచ్చాను. మూతకు టేపు వేశాను, ముందు వరుసవాళ్లు వణకకండి. నా అరుపులు భరించినందుకు మీకు, నా మాటలు భరించినందుకు సభకు కృతజ్ఞతలు. ఈసారి ప్లేటు మీద పేరు రాశాను. మీ పేరే. దీన్ని మాత్రం కడగకండి. సెలవు.