క్లచ్ డబ్బ మీద చీటీ

హలో… ఆ, నేనే. రజితనే. మీరెవరు…

బాపూ? ఎవరి ఫోన్ ఇది… జ్ఞానశేఖర్ సార్‌దా. నీదేమైంది… ఛార్జింగ్ లేదా. సరే. ఆర్టీవో ఆఫీస్ కాడికి చేరిండ్రా? సార్ బుల్లెట్ తనిఖీల పాసైందా?

…ఆగు, జెర మెల్లగ చెప్పు. గుంజుతలేదంటే ఏంది — ఇంజన్ బందయిందా?

ఇంజన్ మంచిగనే ఉన్నది. మరి… గేర్ల ఏసి క్లచ్ ఇడిస్తే… ఊఁ… చప్పుడే పెరుగుతున్నది, బండి కదుల్తలేదు. మొన్న నువ్వు ఏసిన కొత్త క్లచ్ జారుతున్నది బాపూ.

ఎక్కడ షురూ అయింది… బ్రిడ్జి ఎక్కుతుంటెనా. ఎనక లారీ ఉండెనా… సార్ దిగి నూకిండా? డెబ్బై ఏండ్ల మనిషి బాపూ ఆయన. దెబ్బలు గిట్ల తాకలే గదా… ఇద్దరికీ?

హమ్మయ్య.

ఇన్‌స్పెక్టర్ సారు వచ్చిండా… మన ముంగట ఎన్ని బండ్లున్నయ్? ఆరా.

ఏమన్నవ్? … మల్ల చెప్పు, ఇనబడలే.

నీ చెయ్యి పోయిందని, పనితనం తప్పిందని ఎవరన్నరు? … నువ్వేనా. సార్‌తోని నువ్వే అన్నవా, ‘కొత్తరకం క్లచ్‌లు నాకు రావు సార్, బండి వేరేటోళ్లకు చూపించుకోండి’ అని? … షెడ్డు సుత? షెడ్డు ఎందుకు బంద్ చేస్తవ్… ముప్పై ఏండ్లాయె నువ్వు బుల్లెట్లు ఇప్పవట్టి. ఒక్క క్లచ్‌కు షటర్ గుంజుతవా?

సరే, బంద్ చేసుడు తర్వాత. ముందుగల నేనడిగింది చెప్పు. స్ప్రింగులన్ని సమానంగ బిగించినవా… కేబుల్‌కు ఆట, జెర వదులు, ఉంచినవా… గోరంత. ప్లేట్లు ఎక్కడన్న వంకర ఉండెనా… లేదు.

మరి నూనె? ఎప్పటి ఎర్ర నూనె పోయలే గదా… పోయలే. మంచిగ చేసినవ్. కొత్త క్లచ్‌కు అది పనికిరాదని పెట్టెల వచ్చిన కాయితంల ఉండె. నేనే చదివి చెప్పిన. టెన్ డబ్ల్యూ థర్టీ, గేర్ల బండ్లకు పోసేది. తెచ్చి నీ అల్మినం డబ్బల పోసి, మీద ‘క్లచ్’ అని చీటీ అంటించిన. అండ్లకెళ్లే పోసినవ్ గదా…

అట్లయితే జారొద్దు.

…ఉన్న, ఉన్న. ఆలోచిస్తున్న.

ఫోన్ పెట్టకు బాపూ. కిందికి పోతున్న, కంపెనీ పార్కింగ్‌కు. నా స్కూటర్ డిక్కీ చూడాలె… ఎందుకంటే ఆ దినం రాంగోపాల్‌పేట్‌ల రెండు డబ్బలు కొన్న. ఒకటి సార్ బుల్లెట్‌కు, ఒకటి నా స్కూటర్‌కు. నూనె కంపెనీ ఒక్కటే, టెన్ డబ్ల్యూ థర్టీ నంబర్ సుత ఒక్కటే.

…నంబర్ ఒక్కటైనా నూనె ఒక్కటి కాదు. స్కూటర్ క్లచ్ నూనెల మునగది. అందుకే దాని నూనె బాగ జారేటట్టు చేస్తరు. బుల్లెట్ ప్లేట్లు నూనెలనే ఉండి ఒకదాన్నొకటి పట్టుకోవాలె. స్కూటర్‌ది పోస్తే… ఆ. పట్టుకోవు.

డిక్కీ తీస్తున్న.

…

బాపూ.

ఇండ్ల ఉన్నది బుల్లెట్‌ది.

నీ డబ్బల పోసింది స్కూటర్ నూనె. తారుమారు చేసింది నేనే. నంబర్ చూసిన, ఎనక చదవలే. ఇక్కడ కంపెనీల దినమంత వేరేటోళ్ల డబ్బల మీద రాతలు చెక్ చేస్త నేను. మన ఇంటిది చదవలే.

నీ చెయ్యి ఏం పోలే. ఇంటున్నవా?

ఒక్కటడుగుత, నిజం చెప్పు. నూనె ఏదైనా వేలు ముంచి, రెండు వేళ్ల నడుమ రాసి గని పొయ్యవ్ నువ్వు. ఈసారి చూడలేదా? … చూసినవా. ఎట్లుండె? … సబ్బు లెక్క.

క్లచ్ నూనె అట్లుండదని నీకెరుక గదా… ఎరుకుండి పోసినవా? ఎందుకు?

…

చెప్పు బాపూ.

…నేను రాసిన చీటీ ఉన్నదని.

‘బిడ్డ చదివి రాసింది, నా వేలికేమెరుక’ అనుకున్నవా.

…లేదు, ఏం లేదు. వాచ్‌మన్ చూస్తున్నడు, అంతే.

ఫోన్ సార్‌కియ్యి… ఎందుకియ్యవ్? … నా పేరు ఖరాబైతదా? షెడ్డుకొచ్చినోళ్లందరికీ నా బిడ్డ ఇంజనీర్ అని చెప్పుకుంటివి, అందుకా… చెప్పుకున్నది నువ్వు, నేను చెప్పమనలే. తప్పు నీ మీదేసుకుంటే సార్ ఇంకోసారి నీ షెడ్డుకు రాడు. ఇయ్యి బాపూ.

నమస్తే సార్. రజితను, సదాశివ బిడ్డను… తెలుసు సార్, ఈ స్లాట్ కోసం రెండు నెలలు తిరిగిండ్రు. మీ నాన్నగారి బండి అని కూడా తెలుసు. కోపం చెయ్యండి సార్, కాని మా బాపు మీద వద్దు. బిగించుడుల తప్పు లేదు. నూనె తప్పు. తెచ్చింది నేను, చీటీ రాసింది నేను… ఆ, ఇంజనీర్‌నే సార్. … మీరన్నది కరెక్టే. పిల్లలకు చదువు చెప్పినోళ్లు, మీరు అనొచ్చు.

ఇంకో మెకానిక్‌ను పిలవకండి సార్. బాపే విప్పుతడు. నూనె తీసి, ప్లేట్లు పెట్రోల్‌తోని కడిగి, సరైన నూనె పోస్తే పట్టుకుంటది. గంటన్నర. బండిని లంచ్ తర్వాత చూడమని ఇన్‌స్పెక్టర్ సారును మీరు అడుగుతరా… ఆయన మీ స్టూడెంట్ కాదా? కాదు. అయినా అడగండి సార్, మీరు అడిగితే వేరే ఉంటది.

…థాంక్యూ సార్. బాపుకియ్యండి.

బాపూ, సార్ ఇన్‌స్పెక్టర్‌ను అడగనీకి పోయిండు. ఫోన్ నీ దగ్గరనే ఉంచుకో. పానాలున్నయా సంచిల… ఉన్నయ్. ఎదురుంగ ఆయిల్ దుకాణం కనబడుతున్నదా? నడువు… నేనొచ్చేసరికి లంచ్ అయిపోతది. అక్కడ్నే కొను. రోడ్డు చూసి దాటు.

…గేర్ల బండి నూనె, టెన్ డబ్ల్యూ థర్టీ అని అడుగు. డబ్బ ఎనక చిన్న గడి ఉంటది, అండ్ల ఎం, ఏ అని రెండక్షరాలు; స్కూటర్‌దైతే ఎం, బీ ఉంటది. దుకాణమాయనతోని చదివించు… ఉన్నదంటున్నడా. మల్లోసారి చదవమను. నవ్వితే నవ్వనియ్యి.

ఇప్పుడు మూత తీయి.

…తీయి. ఆయన చదివింది పక్కకు పెట్టు, నేను చెప్పింది పక్కకు పెట్టు. వేలు ముంచు.

…

రాసి చూసినవా. ఎట్లున్నది? … జారుతనే ఆగుతున్నదా.

…పొయ్యాల్నా అని నన్నెందుకు అడుగుతవ్ బాపూ? చెయ్యి నీది. నువ్వు చెప్పు.

…

ఊఁ. పోస్తవా. అట్లనే కానియ్యి.

ఇగ ఫోన్ పెట్టేయ్. రెండు చేతులు కావాలె నీకు.